పదహారు పేజీల కుక్క పుస్తకం

"నాయినమ్మా, మేడం మళ్ళ ఫోన్ చేసింది. ఆదివారం వచ్చి ఏంజిల్‌ను వాపస్ తీస్కపోతరట. ఏం చెప్పమంటవ్?"

ఏం చెప్పమంటనా? నువ్వేం చెప్పకు. నీ ఫోన్ల మాటలు రికార్డు చేసేది ఉంటది కదా, అది పెట్టు. పెట్టినవా? చుక్క మెరుస్తున్నదా? ఆ. ఇగ దాన్ని గా గూట్ల నిలబెట్టి, నువ్వు గీ చిక్కుడుకాయకు ఈనెలు తీసుకుంట కూసో. నేను చెప్పింది చెప్పినట్టు ఆమెకు వినిపియ్యి. నడుమల కత్తిరించినవంటే బాగుండదు.

మేడం, నేను శ్రావణి వాళ్ళ నాయినమ్మను. బాలమణి నా పేరు. ఇంద్రేశం పాత ఊర్ల కిరాణం బాలమణి అంటే ఎవరైనా చూపిస్తరు. నువ్వు విల్లా కట్టుకున్న జాగ ఒకప్పుడు మా జొన్నచేను. అది వేరే ముచ్చట, దానికి ఇప్పుడు ఏడుస్తలేను. నువ్వు నా చిన్న కోడలంత ఉంటవు, అందుకని 'నువ్వు' అనే అంట. ఏమనుకోకు. అనుకున్నా ఏం కాదు. మీ సారు మా పిల్లకు కంపెనీల పై ఆఫీసరు, నాకు ఎరుకే. అందుకనే ఇది నువ్వు ఏమన్నా "ఓకే మేడం, ఓకే మేడం" అంటది. నాకైతే ఆఫీసరు లేడు.

నాలుగు నెలల కింద ఈ పిల్ల ఇంటికొచ్చింది. చేతిల బుట్ట. బుట్టల పిడికెడంత కుక్క. దాని నెత్తి మీద గులాబి రిబ్బను. దాంతోని నాలుగు గౌన్లు, క్లిప్పులు, వాసన సబ్బు, ఒక దువ్వెన. ఏందే ఇది, ఎవరన్న బారసాల చేసి పంపిన్రా అన్న. "కాదు నాయినమ్మా, మేడమోళ్ళ ఏంజిలు, దీనికి పిచ్చి లేచిందట, ఊర్ల ఎవరికన్న ఇయ్యమన్నరు" అన్నది. పిచ్చి అంటే ఏం చేసిందే అన్న. పచ్చగడ్డి పెంచుకున్న జాగల గుంతలు తవ్విందట. సోఫా చింపిందట. కారంత కుక్క గేటు బయట పోతుంటే దాని మీదికి ఉరికిందట. ఇగ ఆఖరుకు, నీ పుట్టినరోజు నాడు, కేకు కోసే యాళ్ళకు, చుట్టాలందరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నంక, సచ్చిన ఎలుకను తెచ్చి నీ కొత్త చీర కుచ్చిళ్ళ మీద పెట్టి తోక ఊపిందట.

నవ్వకే శ్రావణీ. నువ్వు ఈనెలు తియ్యి.

మేడం, ఆ రోజు నీ ఇంట్ల అందరికంటే మంచి కానుక తెచ్చింది అదొక్కతే. నీ ఇంట్ల ఎలుక చొచ్చింది, అది పట్టింది, నీది నీకు అప్పజెప్పింది. నువ్వు ఛీ అన్నవ్. కాలితోని నెట్టినవట గూడ. నెట్టలేదంటవా? మా పిల్ల ఆడనే ఉన్నది, ప్లేట్లు అందుకుంట.

పిచ్చి అట! చేప ఈదుతే పిచ్చి లేచిందంటమా? దాని వంశం ఏందో తెల్వది, దాని పని ఏందో తెల్వది. రంగు చూసిన్రు, వెంట్రుకలు చూసిన్రు, ఫోటోల ముద్దుగ వస్తదని కొన్నరు. దాన్ని 'టాయ్' జాతి అంటరట. బొమ్మట! బొమ్మకు గసొంటి పండ్లుంటయా?

నాకెట్ల తెలుసు అంటవేమో. చెప్త. నేను మూడో తరగతి దాక చదివిన, మా కొండాపూర్ దిక్కు పల్లెటూర్ల. ఆడికి ఖతం. పెండ్లయి ఇంద్రేశం వచ్చినంక మా ఆయన మల్లయ్య దుకాణం పెట్టిచ్చిండు. గప్పుడు ఈ ప్లాస్టిక్ కవర్లు ఏడివి? పటాన్‌చెరుల పాత కాయితాలు కిలోల లెక్క తెచ్చి పొట్లాలు కట్టుడే. కిలో కాయితం కిలో దొడ్డుప్పుకు కొంచెం ఎక్కువ, అంతే. పాత పుస్తకాలు, పరీక్ష పేపర్లు, వారపత్రికలు, కోర్టు కాయితాలు, ఎవరో ఎవరికో రాసుకున్న ఉత్తరాలు, అన్ని కలిసి వచ్చేవి. నేను ప్రతి కాయితం చదివినంకనే పొట్లం చుట్టేదాన్ని. గిరాకి నిలబడి ఒర్రేది. మా మామ అయితే, "చక్కెర కట్టుమంటే పురాణం పట్టింది" అని అరుగు మీదికెళ్ళి తిట్టేటోడు. తిట్టని. ఆయన తిట్టుకుంట పోయిండు, నేను చదువుకుంట ఉన్న. సగం కథలు చదివిన, మొదలు లేని నవలలు చదివిన, గుండెనొప్పి గురించి చదివిన, చంద్రుడి మీద గుంతల గురించి చదివిన. ఏదీ పూర్తిగ చదవలే. నా చదువంత చింపిన కాయితాల చదువు.

ఆ కాయితాల్ల ఒకపారి కుక్కల పుస్తకం వచ్చింది. అట్ట లేదు, ముందు లేదు, వెనుక లేదు. పదహారు పేజీలు. ఇగో, నా ట్రంకుపెట్టెల ఇప్పటికి ఉన్నయి, పసుపు మరక గూడ ఉన్నది. వాటితోని పొట్లం కట్టలే. ఎందుకు కట్టలేదంటే, అందుల ఒక బొమ్మ ఉండె. గడ్డం ఉన్న చిన్న కుక్క. అసొంటిదే అప్పటికే మా ఇంట్ల ఉన్నది.

ఆగు, ముందు కుక్క సంగతి చెప్పాలె. కాదు, పుస్తకమే చెప్త, కుక్క సంగతికి ఎట్లయిన వస్త.

ఆ పేజీలల్ల ఏమున్నదంటే, గసొంటి కుక్కలను టెర్రియర్ అంటరట, ఆ పేరుకు మూలం భూమి అట. ఏదో పాత భాషల టెర్రా అంటే నేల. భూమిల చొచ్చే కుక్క. నక్క బొర్రెల దాగితే, ఎలుక కలుగుల దాగితే, ఇది ఎంబడే మట్టి తవ్వుకుంట లోపటికి పోయి పట్టుకొస్తది. లోపట చీకటి, దారి ఇరుకు, ఎదురుంగ పండ్లు కొరికే జంతువు, ఎనకకు మళ్ళ జాగ లేదు. యజమాని పైన నిలబడి ఉంటడు, లోపట దానికి చెప్పేటోడు ఎవ్వడు లేడు. తన తెలివి తనదే, తన ధైర్యం తనదే. గసొంటి పనికి మొండివి, వదలనివి, భయం తెల్వనివి ఏరి ఏరి జత కట్టించిన్రు. తరతరాలు అదే పని. ఇప్పుడు వచ్చి, "మా కుక్క చెప్పిన మాట వినదండి" అంటరు. ఎట్ల వింటది? ఎవరి మాట వినకుంట బతకనేర్చిందనే కదా దాని తాతముత్తాతలను మెచ్చుకున్నది!

ఇగ నీ ఏంజిల్ గూడ టెర్రియరే, యార్కీ అంటరు చూడు, దాని కథ ఇంకో తీరు. ఇంగ్లాండుల యార్క్‌షైర్ అని ఒక సీమ. ఆడ బట్టల మిల్లులు లేచినయి. స్కాట్లాండు దిక్కెళ్ళి నేతగాళ్ళు బతుకుదెరువుకు వలస వచ్చిన్రు. మన పాశమైలారం కంపెనీలకు బీహారోళ్ళు, ఒడిశావోళ్ళు సంచులు భుజాన ఏసుకొని దిగిన తీరు అనుకో. వాళ్ళు సామాన్లతోని చిన్న చిన్న కుక్కలను గూడ తెచ్చుకున్నరు. మిల్లు అంటే ఉన్ని. ఉన్ని ఉన్నకాడ ఎలుకలు. ఆ ఎలుకలను పట్టే కొలువు ఈ కుక్కలది. వాటి వెంట్రుకలు పట్టు తీరుగ జారుతుంటే, ఇది తల్లికి పుట్టలే, మగ్గం మీద నేసిన్రు అని జనం నవ్వుకునేటోళ్ళట. నాకు ఆ మాట మస్తు నచ్చింది. మగ్గం మీద నేసిన కుక్క! దుకాణంల కూసొని ఒక్కదాన్నే నవ్విన.

తర్వాత ఏమయింది? మగోళ్ళు పందేలు పెట్టిన్రు. గుంతల ఎలుకలను వదిలి, కుక్కను దించి, ఎంతసేపట్ల ఎన్ని చంపుతదో చూసుకుంట చప్పట్లు కొట్టిన్రు. సిగ్గులేని జన్మ. ఆటెన్క దొరసానులు చూసిన్రు. వెంట్రుకలు బాగున్నయి, ఒళ్ళె పట్టేటట్టున్నది అని దువ్వెనలు, రిబ్బన్లు మొదలు పెట్టిన్రు. మిల్లుల పనిచేసే కుక్క దొరసాని ఒళ్ళెకెక్కింది. ఎక్కనీ, మంచిదే. కాని రిబ్బను కడితే దాని ముక్కు మారుతదా? ఎలుక వాసన అదే, మట్టి పిలుపు అదే. నువ్వు పచ్చగడ్డి కింద మట్టి పోసుకున్నవ్ కదా, ఆ మట్టిల ఎలుక ఉన్నది. దానికి గడ్డి కనవడలే. ఎలుక కనవడ్డది.

"నాయినమ్మా, మేడంకు ఇదంత ఎందుకు..."

ఎందుకా? ఆదివారం వస్త అన్నది కదా, అందుకు. మొన్న నువ్వు స్పీకరు పెట్టి మాట్లాడితే నేను విన్న. ఏమన్నది ఆమె? "పక్క ప్లాట్లు తవ్వుతున్నరు శ్రావణీ, ఎలుకలు మా ఇంట్ల మస్తయినయి, మందు కూడా పెట్టించినం, అయినా పోతలేవు, ఏంజిల్ ఉంటే పట్టేది కదా" అన్నది. అన్నదా లేదా? పిచ్చి లేచిన కుక్కకు ఇప్పుడు ఎలుకలు పట్టుడు వచ్చింది. సరే, దానికి నాకు కోపం లేదు. ఉన్నది, కాని అది చిన్న కోపం. 'మందు కూడా పెట్టించినం' అన్నది చూడు, ఆ మాటకు నా చేతిలున్న గిన్నె కింద పడ్డది. నువ్వు చప్పుడు విని, ఏమైంది నాయినమ్మా అన్నవ్. ఏం లేదన్న. ఇప్పుడు చెప్త ఏమైందో. మేడం, జెర చెవి పెట్టి విను. ఇది నేను ఎవరికి చెప్పుకోలే.

మా మల్లయ్య పటాన్‌చెరుల ఒక ఆఫీసరు బంగళాకు కావలి ఉండె. ఆ ఆఫీసరుకు బదిలీ అయింది. పోతూ పోతూ కుక్కను గేటు కాడ వదిలిపెట్టి పోయిండు. అందరు చేసే పనే. మల్లయ్య సైకిల్ హ్యాండిల్‌కు సంచి తగిలించి, సంచిల పెట్టుకొని తెచ్చిండు. బిరుసు వెంట్రుకలు, పొట్టి కాళ్ళు, మూతికి గడ్డం. మా అత్త చూసి, "ఎవడ్రా ఈ గడ్డపోడు" అన్నది. ఇగ అదే పేరు. గడ్డపోడు.

గడ్డపోడు దుకాణంల కాలుపెట్టిన వారానికి బియ్యం బస్తాల కాడ ఎలుక అన్నది లేకుంటయింది. వాని వేట తీరు చూడాలె. ఉరుకుడు లేదు, మొరుగుడు లేదు. బస్తా సందుల చెవి పెట్టి నిలబడేటోడు, ముందటి కాలు ఒకటి లేపి. అట్ల ఎంతసేపైన ఉండేటోడు. ఎలుక మూతి బయట పెట్టిందా, పట్టి ఒక్కటే విదిలింపు, అయిపాయె. తెచ్చి నా కాళ్ళ కాడ పెట్టి మొఖం దిక్కు చూసేటోడు. షాబాష్ రా గడ్డపోడా అనాలె. అనకుంటే పోడు. గిరాకి ఎంతమంది ఉన్నా సరే, ఆ మాట అన్నదాక ఆడనే నిలబడుతడు. పొగరు! ఒళ్ళు పిల్లి అంత, పంతం ఎద్దంత. ఊరకుక్కలు నాలుగు కలిసి వచ్చినా దుకాణం మెట్టు దాటనియ్యలే. మల్లయ్య పిలిస్తే రాడు, నేను పిలిస్తే ఆలోచించి వస్తడు. ఇది అచ్చం నీ లెక్కనే ఉన్నది అనేటోడు మల్లయ్య. ఉంటే ఏమైంది అనేదాన్ని.

ఒక ఏడు వానలు గట్టిగ కొట్టినయి. పొలాల బొర్రెలల్ల నీళ్ళు నిండి, ఎలుకలన్ని ఊర్లెకొచ్చినయి. ఒక్క గడ్డపోడు ఎన్నని పడుతడు? గప్పుడే ఒకడు సైకిల్ మీద మందు అమ్ముకుంట వచ్చిండు. నల్ల పొడి. పొట్లం మీద ఇంగ్లీషుల బారెడు రాసి ఉన్నది. నాకు గప్పుడు ఇంగ్లీషు రాదు. ప్రతి కాయితం చదివే బాలమణి, ఆ ఒక్క కాయితం చదవలే. ఎవరినన్న అడగాలె అన్న దిమాక్ గూడ రాలే. అమ్మేటోడు చెప్పింది విన్న. పిండిల కలిపి ఉండలు చేసి బస్తాల ఎనక పెట్టిన. గడ్డపోడు తింటడేమోనని భయపడి, పొద్దుగూకక ముందే ఇంట్ల గుంజకు కట్టేసిన. చూడు, ఎంత జాగ్రత్తనో నాది! పొద్దుగాల లేచి ఉండలన్ని ఏరి, కాలవల పారేసి, చేతులు కడుక్కొని, కట్టు విప్పిన.

వాడు సక్కగ దుకాణంలకు పోయిండు. ఒక ఎలుక మత్తు ఎక్కినట్టు తూలుకుంట బయటికొచ్చింది. పట్టిండు. విదిలించలే, ఎందుకో ఆ రోజు కొరికిండు, కడుపు కొరికిండు. తెచ్చి నా కాళ్ళ కాడ పెట్టిండు. చూసిండు నా మొఖం దిక్కు.

షాబాష్ రా గడ్డపోడా అన్న.

మందు ఉండలు వాడు తినకుంట చూసిన. మందు తిన్న ఎలుక సంగతి నా తలకాయలకు రాలే. పగటీలి, ఎండ నెత్తికెక్కే వరకు వాని నోట్ల నురుగు. పశువుల దవాఖానకు మల్లయ్య సైకిల్ మీద ఉరికిండు, సంచిలనే పెట్టుకొని. సగం తొవ్వల వాపసు మళ్ళిండు.

ఆ మందు పొట్లం కాయితం పట్టుకొని బడి సారు కాడికి పోయిన. సార్, ఇందుల ఏమున్నదో చదువుమన్న. ఆయన చదివిండు. కింది సగంల చిన్న అక్షరాలు. సచ్చిన ఎలుకలను పెంపుడు జంతువులు ముట్టకుంట చూడాలె, లోతుగ పాతిపెట్టాలె. రాసే ఉన్నది మేడం. అమ్మేటోడు మోసం చేయలే, కంపెనీ దాచిపెట్టలే. నేను చదవలే, అంతే. ఆ నెలనే ఆ సారు కాడ ఇంగ్లీషు అక్షరాలు మొదలు పెట్టిన. ఇద్దరు పిల్లల తల్లిని, రెండో తరగతి పిల్లల ఎనక కూసున్న. నవ్వినోళ్ళు నవ్విన్రు.

నా పదహారో పేజీల ఆఖరి మాట ఏందో తెలుసా? "టెర్రియర్ జాతి కుక్కను పెంచదలచినవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది ఏమనగా", అని ఉంటది. ఆడికి పేజీ అయిపోయింది. మిగిలిన పుస్తకం ఎవరి దుకాణానికి పోయిందో, ఏ పల్లీలు కట్టిన్రో. ఆ 'ఏమనగా' తర్వాత ఏమున్నదోనని నేను ముప్పై ఏండ్ల నుంచి ఆలోచిస్తున్న.

ఇప్పుడు విను. నీ ఇంట్ల గోడల ఎంబడి మందు పెట్టించి, ఆ ఇంట్లెకే ఎలుకలు పట్టే కుక్కను తీస్కపోత అంటున్నవ్. నేను చేసిన తప్పే, అక్షరం పొల్లుపోకుంట. నేను ఇయ్య. ఈ ఆదివారం ఇయ్య. మీ సారు మా పిల్లకు షిఫ్టు మార్చిండంటే మార్చని, నేనొచ్చి ఆయనతోని గూడ ఇట్లనే మాట్లాడుత.

"నాయినమ్మా!"

నువ్వు ఊకో. నీ నౌకరి ఏంది? కంపెనీల గోలీల మందు డబ్బాల మీద అచ్చు సక్కగ పడ్డదా లేదా చూసుడు. పొద్దంత గదే చూస్తవ్. మరి ఆమె ఇంటికి పోయినప్పుడు గా ఎలుకల మందు డబ్బా చూసి ఎందుకు చదవలే? నిన్ను తిడుతలేను. తిడుతున్న అనుకుంటే అనుకో.

మేడం, ఇగ నా ముచ్చట ఇది. మందు మొత్తం తీపియ్యి. పెట్టినోడినే పిలిచి తీపియ్యి. సచ్చిన ఎలుకలు ఏ మూలకున్నా వెతికి పాతిపెట్టు. డబ్బా మీది కాయితం మా పిల్ల చేతికియ్యి, మేం చదువుతం. తర్వాత ఎన్ని దినాలు ఆగాల్నో పశువుల డాక్టరును అడుగు. ఆయన సరే అన్నంక రా. హారను కొట్టుకుంట కాదు, వచ్చి నా అరుగు మీద కూసో. పెరట్ల ఇది ఎట్ల తవ్వుతదో, ఎట్ల చెవి పెట్టి నిలబడుతదో ఒక గంట చూడు. నేను పిడుగు అని పిలుస్త, దానికి పలుకుతది. కాని నీతోని అబద్ధం ఎందుకు? తొవ్వల తెల్లకారు పోతే ఇప్పటికి గేటు దాక ఉరుకుతది. నీ కారు తెలుపే కదా. నీది కాదని తెల్సి, చెవులు వాల్చుకొని వాపసు వస్తది. నాలుగు నెలలైంది, ఇంక ఉరుకుతనే ఉన్నది. తన్ని పంపినా నీదే అనుకుంటున్నది, ఏం చేయాలె? నిన్ను చూసి తోక ఊపితే తీస్కపో. నేను అడ్డం రాను. గౌన్లు మాత్రం నా కాడ లేవు. గిన్నెలు తోమే మసిబట్టలు చేసిన.

ఏందే ఆ చప్పుడు? వచ్చిందా? ఇటు రా పిడుగూ, ఇటు. ఏం తెచ్చినవ్? అబ్బో, ఇంత మట్టి! శ్రావణీ, ఆ ఫోను అట్లనే ఉండని, ఆపకు. నా అద్దాలు ఇటియ్యి. ఎలుకనే. చూడనియ్యి. మూతి శుభ్రమే ఉన్నది. నురుగు లేదు, నెత్తురు కారలేదు. బాగా తిని బలిసిన పొలం ఎలుక. మన వాడల నేను ఇల్లిల్లు తిరిగి ఎవ్వలను మందు పెట్టనియ్యలే, అయినా చూడాలె. కడుపు కొరికినవా? లేదు. విదిలించి చంపినవ్. మంచిగ చేసినవ్.

చూడు, ఎట్ల నిలబడ్డదో. నా మొఖం దిక్కు చూస్తున్నది. వచ్చిన కాడికెళ్ళి ఎన్ని తెచ్చిందో, ఒక్కసారి గూడ నేను ఆ మాట అనలే. నోరు రాలే. గడ్డపోని కాడనే అది ఆగిపోయింది.

మేడం, ఆ పదిహేడో పేజీల ఏమున్నదో నాకు తెల్వది. నేనైతే గిట్ల రాస్త. టెర్రియర్ జాతి కుక్కను పెంచదలచినవారు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది ఏమనగా, అది నీ కాళ్ళ కాడ ఏం పెట్టిందో వంగి చూడు. చూడకుంట మెచ్చుకొని నేను చంపుకున్న. చూడకుంట ఛీ అని నువ్వు పోగొట్టుకున్నవ్. చూసినంక మెచ్చుకో. దానికి అంతకంటే ఏం అక్కర లేదు.

షాబాష్... షాబాష్ రా పిడుగూ.

ఏం లేదు బిడ్డా, కండ్లల్ల మట్టి పడ్డది. నీ కండ్లు సల్లగుండాలె శ్రావణీ. చిన్న అక్షరం గూడ నీ కండ్లను దాటి పోవద్దు. ఇగ ఆపు దాన్ని. ఆగు, ఆపేముందు, చిక్కుడుకాయ కూర వండిస్త అని గూడ చెప్పు ఆమెకు, వచ్చిననాడు తిని పోవచ్చు... ఏయ్, మళ్ళ ఎటు పోతున్నవే, నా కొత్తిమీర మడి...